పాషండుడు: మాట, అర్థం, చరిత్ర

పాషండుడు, పాషండి: వేదాన్ని ప్రమాణంగా ఒప్పుకోనివాడు, శాస్త్రం చెప్పిన ఆచారం వదిలి వేరే దారి పట్టినవాడు. నిఘంటువులు ముందుగా ఇచ్చే అర్థం ఇది. దొంగ వేషధారి, కపట సన్యాసి అనేది దాని వెంటే వచ్చే రెండో అర్థం. నేటి తెలుగు మాటల్లో ఈ పదం అరుదు. పురాణ కాలక్షేపంలోనో, పాత కావ్యంలోనో, మత ఖండన గ్రంథంలోనో ఎదురైనప్పుడు మాత్రం తిట్టుగానే ఎదురవుతుంది. పాషాణం అనే మాటకు దగ్గరగా వినిపించడం వల్ల రాతిగుండెవాడు అనుకునే వీలుంది గానీ, ఆ రెండు మాటలకూ చుట్టరికం లేదు.

మొదట్లో ఇది తిట్టు కాదు. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడు చెక్కించిన ప్రాకృత శాసనాల్లో ‘పాసండ’ అంటే ఒక బోధనో, ఒక నియమాన్నో నమ్ముకుని కలిసి నడిచే సమూహం. అప్పుడు ఎవరైనా ‘మా పాషండం’ అని చెప్పుకోవచ్చు, చిన్నతనమేమీ లేదు. కొన్ని వందల ఏళ్లు గడిచేసరికి ఈ మాటకు ఉత్తమ పురుష పోయింది. ‘నేను పాషండుణ్ణి’ అనేవాడు లేడు, ‘వాడు పాషండుడు’ అనేవాళ్లే మిగిలారు. మతం విషయంలో నలుగురితో నడవనివాణ్ణి ఈ దేశం ఎలా చూసిందో తెలుసుకోవాలంటే ఈ మార్పు వెంట నడవడం మంచి దారి.

అశోకుడి శాసనాల్లో

తెలుగు నేల మీద ఈ మాట చూడాలంటే కర్నూలు జిల్లా వెళ్లాలి. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో, జొన్నగిరి దగ్గర ఎర్రగుడి గుట్ట మీది బండలపై అశోకుడి పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలూ, వాటితోపాటు చిన్న శాసనాలూ ఉన్నాయి. బ్రాహ్మి లిపి, ప్రాకృత భాష. వీటిలో ఏడోదీ పన్నెండోదీ పూర్తిగా పాషండుల గురించే. తెలుగులో మొదటి పద్యం పుట్టడానికి వెయ్యేళ్లకు ముందే ఈ మాట ఈ రాళ్ల మీదికి చేరిందన్నమాట.

ఏడో శాసనంలో రాజు కోరిక చిన్నది: అన్ని పాషండాలవాళ్లూ అన్ని చోట్లా నివసించాలి. కారణం కూడా చెప్పాడు. అందరూ కోరేది ఆత్మనిగ్రహం, మనశ్శుద్ధి. ఎవరి శక్తి కొద్దీ వాళ్లు దాన్ని కొంతో మొత్తమో సాధిస్తారు.

పన్నెండో శాసనం ఇంకా లోతుకు వెళ్తుంది. సన్యాసులైనా గృహస్థులైనా సరే, అన్ని పాషండాలవాళ్లనూ రాజు దానాలతో, మర్యాదలతో గౌరవిస్తున్నాడట. అయితే దానం కన్నా, మర్యాద కన్నా ప్రతి పాషండంలోనూ ఉన్న సారం పెరగడమే ఆయనకు ముఖ్యం. దానికి మూలం మాట అదుపు: సందర్భం లేకుండా తన పాషండాన్ని పొగడకపోవడం, ఎదుటివాళ్లదాన్ని తెగడకపోవడం. తనదాని మీద భక్తితో ఎదుటిదాన్ని తిట్టేవాడు చివరికి తనదానికే ఎక్కువ చేటు తెస్తాడని రాజు హెచ్చరిక. అందుకే నలుగురూ కలిసి కూర్చుని ఒకరి ధర్మం ఒకరు వినాలి. దీనికి ఆయన వాడిన మాట సమవాయం. ఈ పని చూడటానికి ధర్మమహామాత్రులు, స్త్రీల వ్యవహారాలు చూసే మహామాత్రులు, మరికొందరు అధికారులు ఉన్నారు. పట్టాభిషేకమైన పదమూడేళ్లకు ధర్మమహామాత్రులను నియమించానని ఐదో శాసనంలో చెప్పుకున్నాడు.

ఇక్కడ గమనించాల్సిన జంట ‘ఆత్మపాషండం, పరపాషండం’. తనదీ పాషండమే, ఎదుటివాడిదీ పాషండమే. బౌద్ధ ఉపాసకుడైన రాజు తన నమ్మకాన్ని వేరే గద్దె మీద కూర్చోబెట్టలేదు. ఏడో స్తంభ శాసనంలో సంఘం, బ్రాహ్మణులు, ఆజీవికులు, నిర్గ్రంథులు, నానా పాషండాలవాళ్లు అని వరుసగా లెక్క చెబుతాడు. సంఘమంటే బౌద్ధ భిక్షుసంఘం, నిర్గ్రంథులంటే జైనులు, ఆజీవికులు ఇంకో సన్యాసి సంప్రదాయంవాళ్లు. బ్రాహ్మణులు తమను తాము పాషండుల జాబితాలో కలుపుకునేవాళ్లా అన్నది వేరే ప్రశ్న. రాజు కార్యాలయానికి మాత్రం అందరూ ఒకే పద్దు కింద ఉన్నారు.

గయ దగ్గరి బరాబర్ కొండల్లో ఆయన ఆజీవికులకు తొలిపించిన గుహలు ఈ విధానానికి కంటికి కనిపించే సాక్ష్యం. గోడలు అద్దంలా మెరిసే నునుపుతో ఉంటాయి. తర్వాతి కాలంలో ఎవరో అక్కడి శాసనాల్లో ఆజీవికుల పేరును పనిగట్టుకుని చెక్కి తీసేశారు. ఎవరు, ఎప్పుడు అన్నదాని మీద ఎన్ని ఊహలైనా చేయవచ్చు. చెక్కిన గాటు మాత్రం ఉంది.

అశోకుణ్ణి సర్వమత సమానతకు మూర్తిగా నిలబెట్టే పాఠ్యపుస్తకాలు ఒక సంగతి దాటేస్తాయి. సాంచి, సారనాథ్, కౌశాంబి స్తంభాల మీద ఆయనదే ఇంకో ఆజ్ఞ ఉంది. బౌద్ధ సంఘంలో చీలిక తెచ్చే భిక్షువుకు గాని భిక్షుణికి గాని తెల్లబట్టలు కట్టించి, సంఘం నివసించే చోటు నుంచి బయటికి పంపాలి. తెల్లబట్ట గృహస్థుడిది, అంటే కాషాయం ఊడబీకడమే. వేరే ఇంట్లో ఉండి వేరుగా నడిస్తే గౌరవం, సొంత ఇంట్లో ఉండి వేరుగా నడిస్తే వెలి. ‘పరపాషండం’ మీద అంత ఓర్పు చూపిన రాజు ‘ఆత్మపాషండం’లో అసమ్మతిని సహించలేదు.

ఈ మాట గ్రీకులోకి ఎలా వెళ్లిందో 1963లో కాందహార్‌లో దొరికిన రాతి ముక్క చెబుతుంది. పన్నెండు, పదమూడు శాసనాల్లో కొంత భాగానికి గ్రీకు పాఠం అది. అందులో పాషండానికి బదులు ‘దియాత్రిబే’ అని ఉంది. తత్వవేత్త చుట్టూ చేరి కాలం గడిపే శిష్య బృందం, పాఠశాల అని దాని భావం. ఆ గ్రీకు మాటే యూరప్ భాషల్లో తిరిగి తిరిగి ఇంగ్లీషులో ‘డయాట్రైబ్’ అయింది. ఇప్పుడు దానికి అర్థం దూషణ ప్రసంగం! గ్రీకులోనే ‘హైరెసిస్’ అనే ఇంకో మాట మొదట ఎంపిక, తత్వశాఖ అని, క్రైస్తవ సభల చేతిలో పడ్డాక మతద్రోహం అని మారింది. కాబట్టి పాషండానికి పట్టిన గతి దానికొక్కదానికే పట్టింది కాదు.

అశోకుడి తర్వాత కళింగ రాజు ఖారవేలుడు, తాను జైనుడై ఉండి, భువనేశ్వర్ దగ్గరి హాథీగుంఫా శాసనం చివర తనను సర్వపాషండ పూజకుడిగా, అన్ని దేవాలయాలనూ బాగుచేయించినవాడిగా చెప్పుకున్నాడు. రాజు తన బిరుదుల్లో ఈ మాటను గర్వంగా చేర్చుకున్న చివరి రోజులు దాదాపు అవే.

తొంభై ఆరు, మూడు వందల అరవై మూడు

బౌద్ధులు, జైనుల వంటి శ్రమణుల గ్రంథాల్లోనే ఈ మాట మెల్లగా ఎదుటివాళ్ల వైపు జరగడం మొదలైంది. పాళీ సంయుత్త నికాయంలో సీసుపచాల అనే భిక్షుణిని, సాధకులను దారి తప్పించజూసే మారుడు పలకరిస్తాడు: నీకు ఎవరి పాషండం నచ్చిందని. ఎవరిదీ నచ్చలేదని ఆమె జవాబు. బుద్ధుడు చూపింది పాషండం కాదు, పాషండాలన్నీ బయటివాళ్లవి అని ఆమె భావం. అశోకుడి లెక్కలో బౌద్ధం అనేక పాషండాల్లో ఒకటి. భిక్షుణి లెక్కలో బౌద్ధం పోగా మిగిలినవి పాషండాలు. మాట అదే, నిలబడిన చోటు మారింది.

బౌద్ధులు ఇలాంటి మతాలు తొంభై ఆరని లెక్కగట్టారు. జైనులు ఇంకా ఓపికగా క్రియావాదులు 180, అక్రియావాదులు 84, అజ్ఞానవాదులు 67, వినయవాదులు 32, మొత్తం 363 అన్నారు. ఇంత కచ్చితంగా ఎవరు లెక్కపెట్టారని అడగకూడదు. ప్రత్యర్థులను వర్గాలుగా విడగొట్టి చదువుకునే తర్కశాస్త్ర పద్ధతి అది, జనాభా లెక్క కాదు.

తమిళ దేశంలో ఇదే మాటకు గుడి కూడా కట్టారు. శిలప్పదికారం అనే కావ్యంలో పుహార్ నగరపు దేవతల్లో పాసండ చాత్తన్ ఒకడు. తొంభై ఆరు పాషండ శాస్త్రాలూ తెలిసిన దేవుడతను. దేవంది అనే స్త్రీకి భర్తగా వచ్చి కొన్నేళ్లు కాపురం చేసి వెళ్లిపోతాడు. ఉత్తరాన స్మృతికారులు ఊరి బయటికి తోస్తున్న మాటను దక్షిణాన ఒక కవి దేవుడి పేరులో పెట్టాడు.

వ్యుత్పత్తులు

పాషండ పదం ఎలా పుట్టిందో భాషావేత్తలు తేల్చలేదు. పెషావర్ ప్రాంతంలోని షాబాజ్‌గఢీ శాసనంలో దీని రూపం ‘ప్రషండ’. అక్కడ రేఫ, అంటే ర ధ్వని, కనిపించడం వల్ల పర్షత్, పరిషత్ అనే మాటలకు ఇది బంధువని కొందరి ఊహ. అది నిజమైతే పాషండమంటే మొదట పరిషత్తు, సభ అనే.

పాతవాళ్లు ఇచ్చిన వ్యుత్పత్తులు భాషాశాస్త్రంగా నిలవవు. చరిత్రకు మాత్రం అవి ఎంతో విలువైనవి. వైదికుల వివరణలో ‘పా’ అంటే లోకాన్ని పాలించే వేదధర్మం, దాన్ని ఖండించేవాడు పాషండుడు. పాళీ వ్యాఖ్యాతల వివరణలో ‘పాస’ అంటే ఉచ్చు, జీవుల మనసులకు మిథ్యాదృష్టి అనే ఉచ్చు విసిరేవాడు పాషండుడు. భాగవతం చతుర్థ స్కంధంలో మూడోది ఉంది. పృథు చక్రవర్తి నూరో అశ్వమేధం చేస్తుంటే ఓర్వలేని ఇంద్రుడు సన్యాసి వేషంలో గుర్రాన్ని దొంగిలిస్తాడు. పృథువు కొడుకు తరిమితే వేషం వదిలి మాయమవుతాడు, మళ్లీ ఇంకో వేషంలో వస్తాడు. అతను వదిలేసిన ఆ వేషాలను మందబుద్ధులు అందిపుచ్చుకున్నారట. పాపానికి ఖండాలు, అంటే గుర్తులు, కనుక అవి పాఖండాలు. దిగంబరత్వమూ కాషాయమూ ఆ వేషాల్లోవే. పోతన భాగవతం ద్వారా పృథువు కథ తెలుగు ఇళ్లలోకి వచ్చింది. మతభేదానికి దేవేంద్రుడి దొంగతనాన్ని మూలం చేసిన ఈ కథకుడి నేర్పు మెచ్చుకోదగ్గదే. తప్పు దారికి కూడా దేవుణ్ణే బాధ్యుణ్ణి చేశాడు మరి.

అమరకోశం మాత్రం ఎవరి పక్షమూ పట్టదు. బ్రహ్మవర్గంలో పాషండులను అన్ని రకాల మతచిహ్నాలూ ధరించేవాళ్లు అని మాత్రమే చెప్పి ముందుకు పోతుంది. వీధిబడుల్లో అమరం వల్లెవేసిన తరాల తెలుగు పిల్లలకు ఈ పదం మొదట పరిచయమైంది ఆ ముక్తసరి అర్థంతోనే.

ధర్మశాస్త్రాలు, అర్థశాస్త్రం

మనుస్మృతిలో పాషండుడి మీద కోపం దాపరికం లేకుండా ఉంటుంది. అతణ్ణి మాటతో కూడా గౌరవించకూడదు. పాషండుల గుంపులున్న ఊళ్లో కాపురం ఉండకూడదు. పాషండంలో చేరిన స్త్రీ చనిపోతే ఉదకం వదలకూడదు. జూదగాళ్లతో, నటులతో పాటు అతణ్ణి రాజు పట్టణం నుంచి వెళ్లగొట్టాలి.

ఇది చదివి పాషండులకు ఈ దేశంలో చట్టమే లేదనుకుంటే పొరపాటు. నారద, యాజ్ఞవల్క్య స్మృతులు వాళ్లను వర్తక శ్రేణుల పక్కన, నిగమాల పక్కన పెడతాయి. వృత్తి సంఘానికి కట్టుబాట్లు ఉన్నట్టే పాషండ సమూహానికీ సమయం, అంటే ఒడంబడిక, ఉంటుంది. దాన్ని రాజు గుర్తించాలి. యాజ్ఞవల్క్యుడు ఇంకో అడుగు వేసి, వాళ్ల మధ్య ఉన్న తేడాలను రాజు కాపాడాలని, పూర్వం నుంచి వస్తున్న వాళ్ల వృత్తిని నిలబెట్టాలని చెప్పాడు. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయంగా తెలుగు చేశాడు. ఒకే శాస్త్ర సంప్రదాయంలో వెలివేయమన్న గొంతూ కాపాడమన్న గొంతూ పక్కపక్కనే ఉన్నాయి. ఇంటి పురోహితుడికి పాషండుడు అశుద్ధుడు. రాజు దృష్టిలో అతను ఆస్తులు, అప్పులు, తగాదాలు ఉన్న ఒక సంఘ సభ్యుడు.

కౌటిల్యుడికి రెండూ ఒకేసారి కావాలి. నగరంలో పాషండుల ఇళ్లు శ్మశానం అంచున ఉండాలంటాడు. వేర్వేరు సంప్రదాయాల సన్యాసులు విశాలమైన చోట ఒకరినొకరు బాధించకుండా ఉండాలని, చిన్న చిన్న ఇబ్బందులు ఓర్చుకోవాలని కూడా అంటాడు. దేవకార్యంలో, పితృకార్యంలో శాక్యుడికో, అంటే బౌద్ధుడికో, ఆజీవికుడికో అన్నం పెడితే నూరు పణాల జరిమానా. జరిమానా వేయాల్సి వచ్చిందంటే జనం పెడుతున్నారనే కదా. ఇక ఖజానా ఖాళీ అయితే పాషండ సంఘాల సొమ్ము రాజు తీసుకోవచ్చు. శత్రుత్వం కన్నా లెక్క ఎక్కువ కనిపించే గ్రంథమది.

పురాణాలు, నాటకాలు

పురాణాల్లోకి వచ్చేసరికి మాట అంటువ్యాధి పేరులా మారింది. విష్ణు పురాణం మూడో అంశలో శతధనువు కథ చూడండి. రాజు, రాణి శైబ్య కార్తిక పూర్ణిమనాడు ఉపవాసం ఉండి గంగలో మునిగి గట్టెక్కుతున్నారు. ఎదురుగా ఒక పాషండుడు వచ్చాడు. అతను రాజుకు విలువిద్య నేర్పిన గురువుకు స్నేహితుడు. గురువు మీది గౌరవంతో రాజు రెండు మాటలు మాట్లాడాడు. రాణి మాత్రం నోరు మెదపక సూర్యుణ్ణి చూసింది. నేరమల్లా అంతే. రాజు చనిపోయి విదిశలో కుక్కగా పుట్టాడు. తర్వాత నక్క, తోడేలు, గద్ద, కాకి, నెమలి. రాణి కాశీరాజు కూతురిగా పుట్టి, పూర్వజన్మ జ్ఞానంతో ప్రతి జన్మలోనూ అతణ్ణి వెతికి, ఎందుకు ఇలా అయ్యావో గుర్తుచేస్తూ వచ్చింది. చివరికి జనకుడి అశ్వమేధం ముగింపు స్నానమైన అవభృథంలో నెమలికి స్నానం చేయించాక అతను జనకుడి కొడుకుగా పుట్టాడు. పెళ్లితో కథ ముగుస్తుంది.

కథ చెప్పదలిచిన భయం ఒకటైతే, తెలియకుండా బయటపెట్టిన నిజం ఇంకొకటి. రాజగురువుకు పాషండుడైన స్నేహితుడున్నాడు. గంగ ఒడ్డున అతణ్ణి పలకరించడం మర్యాద అనుకునే రాజు ఉన్నాడు. ఇరుగుపొరుగుగా బతికే మనుషులను విడదీయడానికి ఆరు జంతు జన్మలు ఖర్చుపెట్టాల్సి వచ్చింది పురాణకర్తకు.

ఆ తర్వాత శైవ, వైష్ణవ తగాదాల్లో ఈ మాట ఎటు పడితే అటు ఎగిరింది. కూర్మ పురాణం కాపాల, లాకుల, వామ, పాంచరాత్ర, పాశుపత శాస్త్రాలు లోకాన్ని మోహపెట్టడానికి పుట్టాయంటుంది. పద్మ పురాణం ఉత్తర ఖండంలో శివుడి చేతే పాశుపతాది శాస్త్రాలు తామసమని చెప్పించారు. అద్వైతానికీ ప్రచ్ఛన్న బౌద్ధం, అంటే ముసుగు వేసుకున్న బౌద్ధం, అనే ముద్ర పడింది. వేదాన్ని కాదన్నవాడికి పెట్టిన పేరు వేదాన్ని ఒప్పుకుంటూ వేరే దేవుణ్ణి కొలిచేవాడికీ అంటింది. కనుక ఒక గ్రంథంలో ‘పాషండుడు’ అని చదివినప్పుడు బౌద్ధుడనో జైనుడనో వెంటనే అనుకోకూడదు, ఆ గ్రంథం ఎవరిదో ముందు చూడాలి.

రంగస్థలం ఈ మాటను నవ్వులో కలిపింది. 11వ శతాబ్దంలో చందేల్ల రాజు కీర్తివర్మ కొలువులో కృష్ణమిశ్రుడు రాసిన ప్రబోధచంద్రోదయంలో శాంతి అనే అమ్మాయి తల్లి శ్రద్ధను వెతుక్కుంటూ పాషండుల నెలవులకు వెళ్తుంది. దిగంబరుడి దగ్గర ఒక శ్రద్ధ, బౌద్ధ భిక్షువు దగ్గర ఒక శ్రద్ధ, కపాలం పట్టుకు తిరిగే శైవుడైన కాపాలికుడి దగ్గర ఇంకొక శ్రద్ధ; ఎవరూ తన తల్లి కాదు. కాపాలికుడు కల్లుతో, కాపాలినితో మిగతా ఇద్దరినీ తన మతంలో కలిపేసుకుంటాడు. ఈ నాటకాన్ని 15వ శతాబ్దంలో నంది మల్లయ, ఘంట సింగయ జంటగా తెలుగు కావ్యం చేశారు. కృష్ణమిశ్రుడికి నాలుగు వందల ఏళ్ల ముందే కంచిలో పల్లవ మహేంద్రవర్మ మత్తవిలాస ప్రహసనం రాశాడు. కపాలం పోగొట్టుకున్న కాపాలికుడు బౌద్ధ భిక్షువు మీద దొంగతనం మోపుతాడు, పాశుపతుడు తీర్పు చెప్పబోతాడు, చివరికి ఎత్తుకుపోయింది కుక్క అని తేలుతుంది. రెండింటిలో మహేంద్రుడిదే నాకు ఎక్కువ నచ్చుతుంది. కృష్ణమిశ్రుడి నవ్వులో తీర్పు ముందే రాసి ఉంటుంది, మహేంద్రుడి నవ్వు ఎవరినీ ఊరి బయటికి పంపదు.

తెలుగు దేశంలో

తెలుగు శైవులు బయటివాళ్లకు వేరే పేరు పెట్టుకున్నారు: భవి. లింగం కట్టనివాడు, పుట్టుక చక్రంలో ఉన్నవాడు. పాల్కురికి సోమనాథుడి బసవ పురాణంలో భవి చేతి అన్నం, భవితో పొత్తు భక్తుడికి పనికిరావు. వైదికుడి దృష్టిలో కట్టు తప్పిన వీరశైవుడు, తన లెక్కలో వైదికుణ్ణి భవి అన్నాడు. వెలి రెండు వైపుల నుంచీ నడిచింది.

మాటల యుద్ధం మాటలతో ఆగలేదు కూడా. సోమనాథుడి పండితారాధ్య చరిత్రలో మల్లికార్జున పండితారాధ్యుడు చందవోలులో వెలనాటి రాజు కొలువులో బౌద్ధాచార్యుడితో వాదిస్తాడు. ఆ బౌద్ధుణ్ణి తర్వాత శివభక్తులు చంపుతారు, రాజు పండితారాధ్యుడి కళ్లు తీయిస్తాడు, శివుడి దయతో చూపు తిరిగి వస్తుంది. ఇది భక్తుడు రాసిన భక్తుడి కథ, అక్షరాలా చరిత్ర అనుకోనక్కర్లేదు. ఒకటి మాత్రం స్పష్టం: పరమతస్థుణ్ణి చంపడాన్ని కథకుడు దాచుకోలేదు, మహిమల్లో కలిపి చెప్పాడు.

19వ శతాబ్దం తర్వాత

ఉత్తరాదిలో ‘ష’ను ‘ఖ’గా పలికే అలవాటు వల్ల పాషండం పాఖండమైంది, పాఖండ్ అంటే కేవలం బూటకం, ఆడంబరం అని స్థిరపడింది. సిద్ధాంతం వేరుగా ఉండటం ఆ అర్థంలోంచి జారిపోయి, చెప్పేది ఒకటి చేసేది ఒకటి అన్న నింద మిగిలింది. 1867 హరిద్వార్ కుంభమేళాలో దయానంద సరస్వతి పాఖండ ఖండిని పతాక ఎగరేశాడు. ఆయన బాణం తగిలింది పురాణాలను, విగ్రహపూజను, తీర్థాల పురోహితులను. శతధనువుకు కుక్క జన్మ ఇచ్చిన పురాణ సంప్రదాయమే ఇప్పుడు పాఖండమైంది. ఐదేళ్లకు హిందీ రచయిత భారతేందు హరిశ్చంద్ర ప్రబోధచంద్రోదయం మూడో అంకాన్ని పాఖండ విడంబన్ పేరుతో హిందీ చేశాడు.

తెలుగులో ‘ష’ నిలిచింది, పాత అర్థమూ చాలావరకు నిలిచింది. హిందీలో పాఖండీ అన్నంత తేలిగ్గా మనం ఎవరినీ పాషండుడు అనము. దానికి మన దగ్గర దొంగస్వామి ఉంది, బూటకం ఉంది.

చరిత్రకారులకు ఈ మాట ఎదురుతిరిగింది 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మి లిపి చదివిన తర్వాత. నిఘంటువు అర్థం పెట్టుకుని పన్నెండో శాసనం అనువదిస్తే రాజు సొంత మతద్రోహాన్ని పొగుడుతున్నట్టు వస్తుంది. అందుకే అనువాదకులు మతశాఖ, సంప్రదాయం, సంఘం అంటూ వేరే మాటలు వెతికారు. ఇవేవీ పూర్తిగా సరిపోవు: పాషండంలో గృహస్థులూ ఉన్నారు కనుక అది సన్యాసుల మఠం కాదు, కోరి చేరేది కనుక కులం కాదు, ఒకే ఇంట్లో ఇద్దరు రెండు పాషండాలను నమ్మినా అడ్డు లేదు కనుక నేటి జనాభా లెక్కల్లో రాసే మతం కూడా కాదు. ఈ మధ్య వస్తున్న చరిత్ర వ్యాసాల్లో చాలామంది అనువాదం మానేసి పాషండం అనే రాస్తున్నారు.